మేడ మీది ట్యాంకు నుంచి చేతిలోని ఫోను దాకా: ఈఎస్‌పీ32తో వైఫై ప్రాజెక్టు, మెట్టు మెట్టుగా

ఈఎస్‌పీ32 బోర్డు, అంటే వైఫై కలిసి ఉన్న చిన్న కంప్యూటరు లాంటి మైక్రోకంట్రోలరు, కొనుక్కొచ్చి బల్ల మీద ఎల్‌ఈడీ వెలిగించడానికి అరగంట చాలు. అదే బోర్డు మేడ మీద ఎండలో, కరెంటు వచ్చిపోతున్నా, రౌటరు ఆగి మొదలవుతున్నా, ఎవరూ ముట్టుకోకుండా ఏడాదంతా నడవాలంటే అది వేరే పని. మధ్యలో మూలపడే ప్రాజెక్టులు చాలావరకు కోడు బాగాలేక పడవు. పవరు చాలకో, పిన్ను ఎంపిక కుదరకో, సిగ్నలు అందకో, వైఫై పోయినప్పుడు ఏం చేయాలో బోర్డుకి ఎవరూ చెప్పకో పడతాయి. అందుకే ఈ మార్గదర్శి కోడుతో మొదలుకాదు.

ఉదాహరణగా ఇంటి మీది నీళ్ల ట్యాంకు తీసుకుందాం. ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో ఫోనులో కనిపించాలి, తగ్గితే కబురు రావాలి. చిన్న ప్రాజెక్టే అయినా వైర్‌లెస్ మైక్రోకంట్రోలర్లతో వచ్చే చిక్కులన్నీ ఇందులో ఎదురవుతాయి. రేపు తేమ కొలిచినా, గేటు తెరిచినా ఇదే దారి.

కోడు వరుసలు ఇక్కడ పెట్టడం లేదు. లైబ్రరీలతో పాటు వచ్చే ఉదాహరణల్లో అవన్నీ ఉంటాయి. వాటిని ఏ క్రమంలో, ఏ షరతులతో కూర్చాలన్నది మాత్రం అక్కడ దొరకదు.

బోర్డు ఎంపిక

షాంఘైలో 2008లో మొదలైన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ చిప్పులివి. 2014లో ఏఐ-థింకర్ వాళ్లు ఈఎస్‌పీ8266 చిప్పుతో చేసిన ఈఎస్‌పీ-01 అనే చిన్న మాడ్యూలు బయటికొచ్చాక, చవగ్గా వైఫై అన్న మాటకి అర్థం వచ్చింది. 2016లో ఈఎస్‌పీ32 వచ్చింది: రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫైతో పాటు బ్లూటూత్.

కొనేముందు చిప్పు, మాడ్యూలు, బోర్డు వేరువేరని గుర్తుపెట్టుకోండి. చిప్పుని మనం విడిగా వాడం. చిప్పు, ఫ్లాష్ మెమరీ, క్రిస్టలు, యాంటెనా కలిపి లోహపు మూత వేసినది మాడ్యూలు. డబ్ల్యూరూమ్-32 అని మూత మీద రాసి ఉండేది ఇదే. దానికి యూఎస్‌బీ సాకెట్టు, 3.3 వోల్టుల రెగ్యులేటరు, రెండు బటన్లు, పిన్నులు జతచేసినది డెవ్‌కిట్ బోర్డు. మొదటి ప్రాజెక్టుకి బోర్డే తీసుకోండి. మాడ్యూలుని నేరుగా సోల్డర్ చేసే పని తర్వాత చూసుకోవచ్చు.

ఏ బోర్డు అంటే, నా ఓటు పాత డబ్ల్యూరూమ్-32 డెవ్‌కిట్‌కే. దీనికన్నా కొత్తవి ఉన్నాయి. సీ3లో రిస్క్-ఫైవ్ కోరు ఒక్కటే ఉంటుంది, పరిమాణం చిన్నది. ఎస్3 కెమెరాకీ తెరకీ బాగుంటుంది. సీ6కి వైఫై 6 వచ్చు. కానీ ఏ సందేహం వచ్చినా ముందే ఎవరో అడిగి జవాబు తెచ్చుకుని ఉండేది పాత ఈఎస్‌పీ32 గురించే. రాస్‌ప్‌బెర్రీ పై వాళ్ల పికో డబ్ల్యూ (2022) కూడా మంచిదే, మైక్రోపైథాన్ ఇష్టమైతే అటు వెళ్లండి. ఈఎస్‌పీ8266 బోర్డు ఇంట్లో పడి ఉంటే ఈ ప్రాజెక్టుకి అదీ సరిపోతుంది. కాకపోతే కింద చెప్పే పిన్నుల నంబర్లు దానికి వర్తించవు.

హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డులో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మిగతా ఊళ్లకి ఆన్‌లైన్ ఉంది. బోర్డుతో పాటు జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అనే నీరు తగిలినా పాడవని అల్ట్రాసోనిక్ సెన్సారు (చప్పుడు ప్రతిధ్వనితో దూరం కొలిచేది), రెసిస్టర్లు, 470 మైక్రోఫారడ్ కెపాసిటరు, 12 వోల్టుల అడాప్టరు, వోల్టేజీ తగ్గించే చిన్న బక్ కన్వర్టరు, మంచి యూఎస్‌బీ కేబులు తీసుకోండి. మల్టీమీటరు లేకపోతే ముందు అది కొనండి. అది లేకుండా ఈ పనిలో దిగడం కళ్లకి గంతలు కట్టుకుని నడవడమే. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే రెండు కళ్ల సెన్సారు ఇంకా చవక, కానీ ట్యాంకులోని ఆవిరికి తుప్పు పడుతుంది. బల్ల మీద ప్రయోగాలకి చాలు, ట్యాంకుకి వద్దు.

మొదటి మెట్టు: బోర్డు ప్రాణంతో ఉందా

కంప్యూటర్లో ఆర్డుయినో ఐడీఈ వేసుకుని, బోర్డ్స్ మేనేజర్‌లో ఈఎస్‌పీ32 అని వెతికి, ఎస్‌ప్రెసిఫ్ పేరున్న ప్యాకేజీని దించుకోండి. బోర్డుల జాబితాలో ఈఎస్‌పీ32 డెవ్ మాడ్యూల్ ఎంచుకోండి. బోర్డు తగిలించినా పోర్టు కనిపించకపోతే రెండు కారణాలుంటాయి. యూఎస్‌బీ సాకెట్టు పక్కనుండే చిన్న చిప్పు, అంటే సీపీ2102 లేదా సీహెచ్340, దాని డ్రైవరు కంప్యూటర్లో లేకపోవడం ఒకటి. కేబుల్లో డేటా తీగలే లేకపోవడం రెండోది. చార్జింగుకి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇళ్లలో కుప్పలుగా ఉంటాయి. ముందు కేబులు మార్చి చూడండి.

ఎల్‌ఈడీ వెలిగించే ఉదాహరణ ఎక్కించండి. చాలా బోర్డుల్లో నీలం లైటు 2వ పిన్నుకి ఉంటుంది. ఎక్కించేటప్పుడు కనెక్టింగ్ అని చుక్కలు చుక్కలుగా పడుతూ ఆగిపోతే, బోర్డు మీది బూట్ బటన్ నొక్కి పట్టుకుని, ఎక్కడం మొదలయ్యాక వదలండి. ఆ బటను 0వ పిన్నుని గ్రౌండుకి కలుపుతుంది. బోర్డు మేలుకునే క్షణంలో ఆ పిన్ను కింద, అంటే సున్నా వోల్టుల దగ్గర, ఉంటేనే చిప్పు కొత్త ప్రోగ్రాము తీసుకునే స్థితిలోకి వెళ్తుంది. బోర్డు పంపే మాటలు కంప్యూటర్లో చూపే సీరియల్ మానిటర్ వేగం 115200 పెట్టండి. వేరే అంకె ఉంటే పిచ్చి అక్షరాలు వస్తాయి.

పాత వీడియో పాఠాలు చూసి నేర్చుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ఈ ప్యాకేజీ 2024లో 3.0 వెర్షనుకి మారినప్పుడు కొన్ని ఫంక్షన్లు పోయాయి. లైటు కాంతి తగ్గించి పెంచే ఎల్‌ఈడీసీ సెటప్ లాంటివి ఇప్పుడు కంపైలు కావు. తప్పు మీ టైపింగులో లేకపోవచ్చు, పాఠం తేదీ చూడండి.

రెండో మెట్టు: పవరు

ఇక్కడ తొందరపడొద్దు.

ఈఎస్‌పీ32 ఊరికే ఉన్నప్పుడు పెద్దగా లాగదు. వైఫైలో పంపే క్షణంలో మాత్రం 240 మిల్లీఆంపుల దాకా ఒక్కసారిగా లాగుతుంది. 500 మిల్లీఆంపులు ఇవ్వగల సరఫరా ఉండాలని తయారీదారుల సూచన. సగటు చూసి చిన్న సరఫరా పెడితే ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి చిప్పు తనంతట తాను రీసెట్ అవుతుంది. సీరియల్ మానిటర్లో బ్రౌన్‌ఔట్ అనే మాట కనిపిస్తే అర్థం ఇదే. దాన్ని కోడులో ఆపేసే చిట్కాలు దొరుకుతాయి, వాడకండి. జ్వరం తగ్గలేదని థర్మామీటరు విసిరేస్తే ఏం లాభం?

ఇంట్లో చార్జరు, మేడ మీద బోర్డు, మధ్యలో 15 మీటర్ల తీగ అనుకుందాం. తీగ మందం 0.2 చదరపు మిల్లీమీటర్లయితే రానూపోనూ 30 మీటర్లకి నిరోధం 2.6 ఓమ్‌లు ఉంటుంది. 300 మిల్లీఆంపులు పోతే దారిలోనే 0.77 వోల్టులు పోతాయి. కింద 5 వోల్టులు పెడితే పైన 4.2 వస్తాయి. బోర్డు మీది ఏఎంఎస్1117 రెగ్యులేటరుకి 3.3 వోల్టులు ఇవ్వాలంటే తన పైన ఇంకో వోల్టు పైచిలుకు కావాలి. అంటే 4.2 చాలదు. బల్ల మీద బాగా నడిచింది మేడెక్కాక చచ్చిపోవడానికి మామూలు కారణం ఇదే.

అందుకే తీగ వెంట 12 వోల్టులు పంపండి. పైన డబ్బాలో బక్ కన్వర్టరు పెట్టి 5కి దించండి. వోల్టేజీ ఎక్కువైతే అదే పనికి తీగలో పోయే కరెంటు తగ్గుతుంది, దారి నష్టమూ తగ్గుతుంది. కన్వర్టరు మీది చిన్న స్క్రూ తిప్పి, మల్టీమీటరులో 5.0 చూసుకున్న తర్వాతే బోర్డు తగిలించండి. కొత్త కన్వర్టరు దేనికి తిప్పి ఉంటుందో ఎవరికీ తెలియదు. 470 మైక్రోఫారడ్ కెపాసిటరుని బోర్డు 5 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య, ప్లస్ మైనస్ చూసి పెట్టండి.

బ్యాటరీతో నడుపుదామా? గాఢ నిద్రలో చిప్పు లాగేది 10 మైక్రోఆంపులే అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది, నిజమే. కానీ అది చిప్పు మాట. డెవ్‌కిట్ మీది రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు, ఎర్ర లైటు నిద్రపోవు. అన్నీ కలిపి కొన్ని మిల్లీఆంపులు తింటాయి. 8 అనుకుంటే 2500 మిల్లీఆంపవర్ సెల్లు 13 రోజుల్లో అయిపోతుంది. నెలల తరబడి బ్యాటరీ మీద నడవాలంటే అందుకోసమే చేసిన బోర్డు కావాలి. ట్యాంకుకి తీగ లాగడమే సుఖం.

మూడో మెట్టు: పిన్నులు

ఈఎస్‌పీ32లో పిన్నులన్నీ ఒకటి కావు. 6 నుంచి 11 వరకు లోపల ఫ్లాష్ మెమరీకి వెళ్తాయి, వాటి జోలికి వెళ్లకండి. 34 నుంచి 39 వరకు చదవడానికి మాత్రమే పనికొస్తాయి. వాటితో రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు) నడపలేరు, పిన్నుని పైకి లాగి ఉంచే పుల్-అప్ రెసిస్టరు కూడా లోపల ఉండదు. 0, 2, 5, 12, 15 అనేవి మేలుకునేటప్పుడు చిప్పు చూసుకునే పిన్నులు. ముఖ్యంగా 12వది: ఆ క్షణంలో దానికి 3.3 వోల్టులు తగిలితే ఫ్లాష్ 1.8 వోల్టుల రకమని చిప్పు అనుకుంటుంది, బోర్డు లేవదు. సెన్సారు తీసేస్తే బాగుంది, పెడితే లేవడం లేదు అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది 12వ పిన్నే.

మామూలు వోల్టేజీ కొలిచే సెన్సార్లు, అంటే నేల తేమ లాంటివి, వాడేటప్పుడు ఇంకొకటుంది. వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీలు ఇందులో రెండుంటాయి, వైఫై నడుస్తుండగా రెండోది పనిచేయదు. 32 నుంచి 39 మధ్యవే వాడాలి.

నిశ్చింతగా వాడుకోదగ్గవి 25, 26, 27, 32, 33. మన ప్రాజెక్టులో, సెన్సారుని కొలవమని చెప్పే ట్రిగ్గరు తీగకి 25 ఇద్దాం. సెన్సారు జవాబు తెచ్చే ఎకో తీగని చదవడం మాత్రమే కాబట్టి దానికి 34 ఇచ్చి మంచి పిన్నుల్ని మిగుల్చుకుందాం.

ఈ చిప్పు పిన్నులు 3.3 వోల్టులవి. సెన్సారుకి 5 ఇస్తే ఎకో తీగలో 5 తిరిగొస్తుంది, అది నేరుగా ఇవ్వకూడదు. ఎకో తీగ నుంచి 1 కిలోఓమ్ రెసిస్టరు 34వ పిన్నుకి, ఆ పిన్ను నుంచి 2 కిలోఓమ్‌లది గ్రౌండుకి పెడితే పిన్ను దగ్గర 3.3 వస్తుంది. 2 దొరక్కపోతే 1.8 పెట్టండి, 3.2 వస్తుంది. నేరుగా పెట్టినా నాలుగు రోజులు నడిచింది అని చెప్పేవాళ్లుంటారు. ఐదో రోజు సంగతి వాళ్లు చెప్పరు.

నాలుగో మెట్టు: సెన్సారుని నమ్మడం ఎలా

సూత్రం చిన్నదే. ట్రిగ్గరుకి 20 మైక్రోసెకన్ల పల్సు ఇస్తే సెన్సారు చప్పుడు వదులుతుంది. అది నీటికి తగిలి తిరిగొచ్చేంత సేపూ ఎకో పిన్ను పైన ఉంటుంది. పల్స్‌ఇన్ ఫంక్షను ఆ సమయం చెబుతుంది. దాన్ని 0.0343తో గుణించి సగం చేస్తే సెంటీమీటర్లు. పల్స్‌ఇన్‌కి 30000 మైక్రోసెకన్ల గడువు ఇవ్వండి. ఇవ్వకపోతే ఎకో రాని ప్రతిసారీ బోర్డు ఒక సెకను కొయ్యబారి నిలబడుతుంది. గడువులోగా రాకపోతే సున్నా వస్తుంది. సున్నా అంటే ట్యాంకు నిండిందని కాదు, కొలత లేదని. ఆ రెంటినీ కోడు వేరుగా చూడాలి.

ఆ 0.0343 అన్న అంకె 20 డిగ్రీల గాలికి. మన ట్యాంకులో గాలి 20 డిగ్రీలుండే రోజులెన్ని? చప్పుడు వేగం సెకనుకి సుమారు 331.3 మీటర్లు, దానికి డిగ్రీకి 0.606 చొప్పున కలపాలి. 35 డిగ్రీలకి 352 దాటుతుంది. అంటే నీరు 150 సెంటీమీటర్ల కింద ఉంటే పాత అంకెతో 146 అని వస్తుంది. లోపలి వ్యాసం 105 సెంటీమీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక్కో సెంటీమీటరుకి 8.66 లీటర్లు, కాబట్టి తేడా 35 లీటర్ల పైచిలుకు. శాతం చూపితే చాలనుకుంటే వదిలేయవచ్చు. లీటర్లు చూపాలంటే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సారు ఒకటి కలిపి సరిచేయండి.

ఒక్క కొలతని ఎప్పుడూ నమ్మొద్దు. 60 మిల్లీసెకన్ల ఎడంతో ఏడు కొలతలు తీసుకుని, వరుసగా పేర్చి, మధ్యది తీసుకోండి. సగటు వద్దు. పైపు నుంచి పడే ధారకి తగిలిన ఒక్క తప్పుడు కొలత సగటుని లాగేస్తుంది, మధ్య కొలతని కదిలించలేదు.

సెన్సారుని మూత కింద, గోడకీ నీళ్లు పడే పైపుకీ దూరంగా, నిటారుగా కిందికి చూసేలా బిగించండి. ఈ సెన్సారు 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపు దూరాన్ని కొలవలేదు. మూత మెడ ఎత్తుగా ఉన్న ట్యాంకుల్లో ఆ ఖాళీ దానంతట అదే వస్తుంది. లేకపోతే పై అంచు కోసం విడిగా ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలి, మట్టం పెరిగితే మారే స్విచ్చు) పెట్టండి. అల్ట్రాసోనిక్ ఉన్నా ఫ్లోట్ స్విచ్ పెట్టడం మంచిదే, నిండిందో లేదో చెప్పడానికి అంతకన్నా మొండి సాక్షి లేదు.

ట్యాంకు ఎక్కేముందు బకెట్టు మీద పట్టి, టేపుతో కొలిచి సరిచూసుకోండి.

ఐదో మెట్టు: వైఫై, మరీ ముఖ్యంగా వైఫై లేనప్పుడు

ఈఎస్‌పీ32 వినేది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. రౌటరులో ఆ బ్యాండు ఆపేసి ఉంటే ఎంత వెతికినా పేరు దొరకదు. హాస్టళ్లలో, ఆఫీసుల్లో కలవగానే లాగిన్ పేజీ తెరుచుకునే వైఫై కూడా పనికిరాదు, బోర్డు ఆ పేజీ నింపలేదు.

బిగించడానికి ముందు వైఫై స్కాన్ ఉదాహరణ ఎక్కించి, లాప్‌టాప్‌కి తగిలించి, మేడ మీదికి తీసుకెళ్లి సిగ్నలు చూడండి. స్కాన్ చూపే అంకె మైనస్ 50 అయితే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా ఫర్వాలేదు, మైనస్ 80 అంటే ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం. స్లాబులోని ఇనుప ఊచలు సిగ్నలుని బాగా తినేస్తాయి. మెట్ల వైపు పెడితే అదే మేడ మీద 10 అంకెలు మెరుగుపడొచ్చు. యాంటెనా అంటే మాడ్యూలు చివర బంగారు రంగులో మెలికలు తిరిగిన గీత. దాని పక్కన తీగలు, బ్యాటరీ, లోహం ఉండకూడదు. ఇనుప డబ్బా అసలే వద్దు. అప్పటికీ అందకపోతే బయటి యాంటెనాకి సాకెట్టున్న డబ్ల్యూరూమ్-32యూ రకం తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఉదాహరణల్లో సెటప్ భాగంలో, వైఫై కలిసేదాకా ఇక్కడే ఆగు అని ఉంటుంది. కరెంటు పోయి వచ్చిందనుకోండి. బోర్డు రెండు సెకన్లలో లేస్తుంది, రౌటరు లేవడానికి నిమిషం పైనే పడుతుంది. అంతసేపూ బోర్డు మొదటి వరుసలోనే నిలబడి ఉంటుంది. రౌటరు రాత్రంతా రాకపోతే రాత్రంతా అంతే. దాని చేతిలో మోటారు రిలే కూడా ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

అందుకే కొలత ఒక పని, వైఫై ఇంకో పని. లూప్‌లో డిలే వాడకుండా బోర్డు లేచినప్పటి నుంచి మిల్లీసెకన్లు లెక్కపెట్టే మిల్లిస్ గడియారం చూస్తూ పంచండి: 10 సెకన్లకోసారి కొలువు, 30 సెకన్లకోసారి వైఫై ఉందో లేదో చూడు, లేకపోతే మళ్లీ ప్రయత్నించు, కానీ ఎదురుచూడకు, ఉంటే సందేశం పంపు. మిల్లిస్ 49.7 రోజులకి నిండిపోయి సున్నాకి వస్తుంది. ఇప్పటి విలువలోంచి పాత విలువ తీసేసి వ్యవధితో పోల్చినంతవరకు దానివల్ల ఇబ్బంది రాదు. పాతదానికి వ్యవధి కలిపి పోల్చారా, యాభయ్యో రోజున వింతలు మొదలవుతాయి. ఆ రెండు విలువలూ మైనస్ లేని 32 బిట్ల రకంగా ఉండాలి.

దీనికి తోడు వాచ్‌డాగ్ పెట్టండి. లూప్ ఎక్కడైనా ఇరుక్కుంటే కొన్ని సెకన్ల తర్వాత బోర్డుని అదే రీసెట్ చేస్తుంది. రీసెట్ అయిన ప్రతిసారీ కారణం చదివి మొదటి సందేశంలో పంపేలా రాయండి. బ్రౌన్‌ఔటా, వాచ్‌డాగా, మామూలుగా కరెంటు పోవడమా అన్నది మేడ ఎక్కకుండానే తెలుస్తుంది.

ఆరో మెట్టు: సందేశం

బోర్డులోనే చిన్న వెబ్ పేజీ నడపొచ్చు. ఒక్కరు చూడ్డానికి బాగానే ఉంటుంది. రెండో పరికరం రాగానే ఎంక్యూటీటీకి మారిపోండి. ఎడారిలోని చమురు పైపులైన్లని శాటిలైట్ ద్వారా కనిపెట్టడానికి 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ తయారుచేసిన పద్ధతి ఇది. తక్కువ డేటా, తెగిపోయే లైను, రెండూ మన పరిస్థితులే. మధ్యలో బ్రోకరు ఉంటుంది. బోర్డు ఒక శీర్షిక మీద చెబుతుంది, ఆ శీర్షిక అడిగినవాళ్లందరికీ బ్రోకరు అందిస్తుంది.

పాత లాప్‌టాప్ మీదో రాస్‌ప్‌బెర్రీ పై మీదో మస్కిటో అనే ఉచిత బ్రోకరు వేసుకోవచ్చు. 2.0 నుంచి అది మొదట తన కంప్యూటరు మాటే వింటుంది. సెట్టింగుల ఫైలులో 1883 పోర్టు వినమని, పాస్‌వర్డు ఫైలు ఫలానా అని రాస్తేనే బోర్డు కలుస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి, బోర్డుని తిడుతుంటారు.

బోర్డు వైపు పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ చాలు. మూడు సంగతులు చూసుకోండి. క్లయింటు పేరు ఏ రెండు బోర్డులకీ ఒకటి కాకూడదు. ఒకటైతే ఒకదాన్నొకటి తోసేసుకుంటూ రోజంతా కలుస్తూ విడిపోతూ ఉంటాయి. ప్రతి బోర్డుకీ వేరుగా ఉండే మ్యాక్ చిరునామా చివరి అంకెలు పేరుకి తగిలించండి. మట్టం సందేశాన్ని రిటైన్ చేసి, అంటే చివరిది బ్రోకరు దాచి ఉంచేలా, పంపండి, ఫోను తెరవగానే చివరి కొలత కనిపిస్తుంది. అయితే అది ఎప్పటి కొలతో తెలియాలి కదా, అందుకు మూడోది: లాస్ట్ విల్. బోర్డు మాట్లాడటం మానేస్తే దాని బదులు బ్రోకరే ఆఫ్‌లైన్ అని ప్రకటిస్తుంది. ఇది లేకపోతే నిన్నటి 80 శాతం చూసుకుని ఇవాళ ఖాళీ ట్యాంకు కింద స్నానానికి నిలబడతారు.

శీర్షికలు తెలుగులోనూ పెట్టుకోవచ్చు, ఇల్లు/ట్యాంకు/మట్టం అని. ఎంక్యూటీటీ శీర్షికలు యూటీఎఫ్-8లోనే ఉంటాయి. కాకపోతే ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు పోతాయి, ఈ లైబ్రరీ ఒక సందేశానికి మామూలుగా ఇచ్చే చోటు 256 బైట్లు. సరదాగా ఉంటుంది గానీ పొదుపుగా వాడండి.

కబురు 20 శాతానికి ఒకసారి రావాలి. మళ్లీ 30 దాటి, తిరిగి 20కి పడితేనే రెండోసారి రావాలి. ఈ ఎడం పెట్టకపోతే నీరు 20 దగ్గర ఊగినంతసేపూ ఫోను మోగుతూనే ఉంటుంది.

ఊరెళ్లినప్పుడూ చూడాలంటే రౌటరులో పోర్టు తెరవకండి. క్లౌడ్ బ్రోకరు ఒకటి తీసుకుని 8883 పోర్టు మీద, మధ్యలో ఎవరూ చదవకుండా దాచే టీఎల్‌ఎస్‌తో పంపండి. సర్టిఫికెట్ సరిచూడాలంటే బోర్డుకి సరైన తేదీ తెలియాలి, కాబట్టి ముందు ఎన్‌టీపీ అనే ఇంటర్నెట్ గడియారం నుంచి సమయం తెచ్చుకోవాలి. మన సమయానికి 19800 సెకన్లు కలపండి, అదే ఐదున్నర గంటలు. ప్రయోగాల కోసం ఉండే బహిరంగ బ్రోకర్లలో మీరు పంపేది ఎవరైనా చదవగలరు. ట్యాంకు మట్టం అయితే పోనీ, తలుపు తాళం మాత్రం అక్కడ పెట్టొద్దు.

ఏడో మెట్టు: మేడెక్కే ముందు

గాలిలోంచే ప్రోగ్రాము మార్చే ఓటీఏ ఏర్పాటు మొదటే ఎక్కించండి. మొదటిసారి యూఎస్‌బీ తప్పదు, అందులో ఓటీఏ భాగం ఉంటేనే రెండోసారి గాలిలో వెళ్తుంది. మధ్యలో ఒక్కసారి ఆ భాగం లేని కోడు పంపితే నిచ్చెన వేసుకోవాల్సిందే. పార్టిషను జాబితాలో రెండు యాప్ గదులున్నది ఎంచుకోండి, ఓటీఏకి పాస్‌వర్డు పెట్టండి.

డబ్బా దుమ్మూ నీటి ధారా లోపలికి రానివ్వని ఐపీ65 రకం ప్లాస్టిక్‌ది, తెల్లది. తీగలు కింది వైపు నుంచి గ్లాండుల్లో (తీగ చుట్టూ బిగిసే మూతల్లో) లోపలికి రావాలి, పై నుంచి రంధ్రం చేస్తే వాన తీగ వెంటే దిగుతుంది. మామూలు మాడ్యూలుకి పైహద్దు 85 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం మే ఎండలో మూసిన డబ్బాలోపల గాలి బయటికన్నా చాలా వేడెక్కుతుంది, కాబట్టి ట్యాంకు నీడ పడే వైపు బిగించండి. సెన్సారు తీగ రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది, దూరంగా పెట్టుకోవచ్చు. బ్రెడ్‌బోర్డు పైకి తీసుకెళ్లొద్దు, చుక్కల బోర్డు మీద సోల్డర్ చేయండి. చీమలు లోపల కాపురం పెట్టకుండా గ్లాండులు గట్టిగా బిగించండి. కోతులున్న ఊళ్లో తీగలకి పైపు తప్పనిసరి.

బిగించే ముందు వారం రోజులు ఇంట్లోనే నడవనివ్వండి. ఆ వారంలో రౌటరు ఆపండి, బ్రోకరు ఆపండి, సెన్సారు తీగ పీకండి, కరెంటు టకటకా తీసి పెట్టండి. ప్రతిదాని తర్వాతా చేయి పెట్టకుండానే కోలుకోవాలి.

మోటారు కూడా తిప్పుదామా

తొందర లేదు. ముందు కొన్నాళ్లు కొలత ఒక్కటే నడిపి, దాన్ని నమ్మొచ్చని తేలాక మోటారు మాట.

నీలం రంగు రిలే మాడ్యూలు మీద 10 ఆంపులు అని ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటారు లాగేది అంతకన్నా తక్కువే కదా అనిపిస్తుంది. మొదలయ్యే క్షణంలో మోటారు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, రిలే లోపల కలిసి విడిపోయే లోహపు ముక్కలు అతుక్కుపోతాయి, ఆ తర్వాత ఆపమన్నా ఆగదు. రిలేతో కాంటాక్టరు (పెద్ద కరెంటుకి చేసిన స్విచ్చు) కాయిలుని నడపాలి, మోటారుని కాంటాక్టరు నడపాలి. స్టార్టరు డబ్బాలో ఆ తీగలు కలిపే పని ఎలక్ట్రీషియనుకే అప్పగించండి. 230 వోల్టులు నేర్చుకోవడానికి ఇది చోటు కాదు.

చాలా రిలే మాడ్యూళ్లు పిన్ను కిందికి దిగితే ఆన్ అవుతాయి. బోర్డు లేచేటప్పుడు టక్కుమని ఒకసారి మోగకుండా పిన్నుని ముందు పైకి రాసి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా ప్రకటించండి. మోటారు ఆపే నిర్ణయం బోర్డులోనే ఉండాలి, ఫోనులోనో క్లౌడులోనో కాదు. ఫ్లోట్ స్విచ్ నిండిందంటే ఆపు. మట్టం కొలత ఐదు నిమిషాలుగా రాకపోతే ఆపు. మోటారు నడుస్తున్నా మట్టం పెరగకపోతే బోరులో నీళ్లు లేవు, ఆపు. ఎంత నడిచినా గరిష్ఠ గడువు దాటితే ఆపు.

పొలం దగ్గర బోరుకైతే వైఫై ఉండదు. రెండు ఈఎస్‌పీ32ల మధ్య రౌటరు లేకుండా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ ఉంది, ఖాళీ చోట కొన్ని వందల మీటర్లు వెళ్లగలదు. అంతకు మించితే కొద్ది డేటాని చాలా దూరం పంపే లోరా రేడియో మాడ్యూళ్లు కావాలి. మన దేశంలో వాటికి లైసెన్సు లేని పట్టీ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. 433 అని రాసినవి చవగ్గా కనిపించినా పట్టీ చూసి కొనండి. ఇలా చేసిన పరికరాల్ని అమ్మే ఆలోచన ఉంటే, వైర్‌లెస్ భాగానికి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం వారి ఈటీఏ అనుమతి ఉందో లేదో మొదటే చూసుకోవాలి.

ఆగిపోతే ఏం చూడాలి

లాప్‌టాప్ తగిలించి సీరియల్ మానిటర్ తెరవండి. ఫ్లాష్ రీడ్ ఎర్రర్ 1000 అని అదేపనిగా వస్తుంటే 12వ పిన్నుకి ఏదో తగిలించారు. బ్రౌన్‌ఔట్ అంటే రెండో మెట్టుకి వెళ్లి, వైఫై పంపే సమయంలో బోర్డు 5 వోల్టుల పిన్ను దగ్గర మల్టీమీటరు పెట్టండి. గురు మెడిటేషన్ ఎర్రర్ అని కనిపిస్తే కంగారుపడకండి, పాత అమీగా కంప్యూటర్ల నుంచి ఆ పేరు అరువు తెచ్చుకున్నారు. చాలాసార్లు కోడు చదవకూడని చోట మెమరీ చదివిందని భావం, దాని కింది బ్యాక్‌ట్రేస్ అంకెల్ని డీకోడరులో వేస్తే ఏ వరుసలో జరిగిందో చెబుతుంది. ఏ తప్పూ చూపకుండా కొలత మాత్రం ఒకే అంకె దగ్గర కదలకుండా ఉంటే మూత తీసి చూడండి, సెన్సారు ముఖం మీద నీటి బొట్లు పేరుకుని ఉంటాయి. పొడిగుడ్డతో తుడిచి, బొట్టు జారిపోయేలా కొద్దిగా, ఒకటి రెండు డిగ్రీలు, వంచి బిగించండి.